ఆపడం ఈజీనే అయింది, మళ్లీ ఎగరేయడమే కష్టమైంది

ఇప్పుడు ఎయిర్‌పోర్టులు చూస్తే కిటకిట, టికెట్ రేట్లు చూస్తే గుండె ఝల్లుమంటుంది, మరి జనం తిరిగొచ్చేశారు కదా ఇంకా ఈ తిప్పలేంటి అంటే 2020 మార్చికి వెళ్లాలి. ఆ నెల 11న కోవిడ్‌ని మహమ్మారి అని డబ్ల్యూహెచ్‌ఓ చెప్పింది, రెండు మూడు వారాల్లో దేశాలన్నీ ఒకదాని వెనక ఒకటి తలుపులు మూసేసుకున్నాయి. 2019లో 450 కోట్ల మంది దాకా విమానం ఎక్కితే 2020లో 180 కోట్లే. ఫారిన్ టూరిస్టుల సంగతి ఇంకా ఘోరం, 146 కోట్ల నుంచి 40 కోట్ల దగ్గరికి పడిపోయారు.

మరి అన్ని విమానాల్ని ఎక్కడ పెట్టారు? స్పెయిన్‌లో తెరువెల్, ఆస్ట్రేలియాలో ఆలిస్ స్ప్రింగ్స్ లాంటి పొడి గాలి ఉండే చోట్లకి తీసుకెళ్లి వరసగా నిలబెట్టారు, తేమ తక్కువైతే తుప్పు పట్టదని. అలాగని తాళం వేసి వెళ్లిపోతే కుదరదు, పురుగూ దుమ్మూ దూరకుండా మూతలు బిగించాలి, చక్రాలు అప్పుడప్పుడూ కాస్త కదపాలి, తిరిగి ఎగరాలంటే మొత్తం చెకింగ్ చేయాల్సిందే. ఆస్ట్రేలియా ఎయిర్‌లైన్ క్వాంటాస్ తన 747లని, ఎయిర్ ఫ్రాన్స్ తన ఏ380లని, అంటే నాలుగేసి ఇంజిన్ల భారీ విమానాల్ని, ఇక అక్కర్లేదని మొత్తానికే పక్కన పెట్టేశాయి.

అసలు దెబ్బ మాత్రం మనుషుల దగ్గర పడింది. సీనియర్ పైలట్లు ముందే రిటైర్ అయిపోయారు, లగేజీ ఎత్తేవాళ్లు, సెక్యూరిటీ వాళ్లు వేరే పనులు చూసుకున్నారు, వాళ్లనెవరు తప్పుపడతారు? 2022లో యూరప్ ఎండాకాలం సెలవులకి జనం ఒక్కసారిగా వచ్చిపడితే కొత్తవాళ్లని తీసుకుని, పాత రికార్డు చెక్ చేసి, ట్రైనింగ్ ఇచ్చేసరికి నెలలు పట్టింది. లండన్‌లోని హీత్రూ ఎయిర్‌పోర్టు అయితే రోజుకి లక్ష మందికి మించి బయల్దేరకూడదని లిమిట్ పెట్టి, ఎండాకాలం టికెట్లు ఇక అమ్మొద్దని ఎయిర్‌లైన్స్‌ని అడిగింది, బేరం బాగా ఉన్న టైంలో కొట్టు మూయమన్నట్టు!

జపాన్ 2022 అక్టోబర్‌లో, చైనా 2023 జనవరిలో గాని తలుపులు తెరవలేదు, అందుకే ఆసియా వెనకబడింది. ఆ 2023లోనే జర్మనీ ఎయిర్‌లైన్ లుఫ్తాన్సా మూలన పెట్టిన ఏ380లని మళ్లీ దులిపి తీసింది, ఎందుకంటే కొత్తవి టైంకి చేతికి రావట్లేదు. దానికి తోడు ప్రాట్ అండ్ విట్నీ అనే అమెరికా కంపెనీ ఇంజిన్ల భాగాల తయారీకి వాడిన లోహపు పొడిలో లోపం బయటపడి, ఆ ఇంజిన్లున్న చాలా ఏ320నియో విమానాలు నేల మీదే ఉండిపోయాయి.

2024కి టూరిస్టులు మళ్లీ 140 కోట్లకి చేరారు, విమాన ప్రయాణాలైతే 2019ని దాటేశాయి కూడా. జనం ఉన్నారు, డబ్బులూ ఉన్నాయి, విమానాలే చాలట్లేదు, ఇవాళ ఆర్డర్ పెట్టినవాళ్లు కూడా ఏళ్ల తరబడి క్యూలో ఉండాల్సిందే.