గానుగాడిన స్క్రూ

గుంటూరు అరండల్‌పేట నుంచి ఒక కుర్రాడు ఫోటో పంపించాడు. మడత చాకు, దాని పిడి మీద బుల్లి స్క్రూ. ఆ స్క్రూ తల మధ్యలో ఆరు రేకుల పువ్వులా ఉండాల్సిన గుంట నున్నగా గుండ్రంగా తయారైంది. "మాస్టారూ, మామిడిపండు రసం ఎండిపోయి చాకు తెరుచుకోవట్లేదు, విప్పి కడుగుదామని కూర్చున్నాను. బిగించినప్పుడు బాగానే ఉన్న స్క్రూ విప్పేటప్పుడే ఎందుకు అరిగింది? లెక్క ప్రకారం విప్పడమే తేలిక కదా?" అని అడిగాడు.

చాలామంది "ఎలా తీయాలి" అని మాత్రమే అడుగుతారు. ఇతను లెక్క అడిగాడు, అందుకే ఇంత రాస్తున్నాను.

లెక్క నిజమే. స్క్రూ మర అంటే ఒక కడ్డీకి చుట్టిన ఏటవాలు దారి. బిగించడమంటే ఎక్కడం, విప్పడమంటే దిగడం. ఇంజనీర్లు వాడే మోటు లెక్క ఒకటుంది. బిగించేటప్పుడు మనం పెట్టే తిప్పుడు బలంలో సగం స్క్రూ తల కింద రాపిడికే పోతుంది. ఇంకో 40 శాతం మరల మధ్య రాపిడి తినేస్తుంది. మిగిలిన 10 శాతమే స్క్రూని రవ్వంత సాగదీసి, పిడి రెక్కల్ని అదిమి పట్టిస్తుంది. విప్పేటప్పుడు రాపిడి 90 అలాగే ఉంటుంది గానీ, సాగిన స్క్రూ తన 10ని మనకి సాయం చేస్తుంది. 90లోంచి 10 తీస్తే 80. అంటే 100తో బిగించింది 80తో రావాలి. రాలేదంటే మధ్యలో ఎవరో వేలు పెట్టారు. ఆ వేలు సంగతి తర్వాత. ముందు గుంట గుండ్రంగా ఎలా అయిందో చూద్దాం, నాకు ముచ్చటైన భాగం అదే.

చిన్నప్పుడు తెనాలి దగ్గర మా అమ్మమ్మ గారి ఊళ్లో ఎద్దు గానుగ చూశాను. రోలు కదలదు. అందులో ఏటవాలుగా నిలబెట్టిన రోకలి తిరుగుతూ, రోలు గోడని ఒత్తుకుంటూ నువ్వుల్ని నలుపుతుంది. అరిగిన స్క్రూలో జరిగేది అచ్చం ఇదే: గుంట రోలు, బిట్ (స్క్రూడ్రైవర్ మొన) రోకలి. బిట్ తిరుగుతుంది, స్క్రూ కదలదు, మధ్యలో నువ్వుల బదులు స్క్రూ ఉక్కే నలుగుతుంది. బిట్ ఉక్కు స్క్రూ ఉక్కు కన్నా బాగా గట్టిది కాబట్టి ఎక్కువగా అరిగేది గుంటే.

ఇప్పుడు ఎద్దు దగ్గరికి వద్దాం. ఎద్దు తన గుండ్రటి బాట వెంట తిన్నగా లాగితే బలమంతా తిప్పడానికే పనికొస్తుంది. దూలానికి కట్టిన తాడు బయటికి 60 డిగ్రీలు వాలిందనుకోండి. లాగే బలంలో సగమే తిప్పుతుంది, 87 శాతం దూలాన్ని బయటికి ఈడుస్తుంది. (రెండూ కలిపితే వంద దాటిందేమిటని అడగకండి. బలాలు మామూలు కూడికలో కలవవు, వాటి వర్గాలు కలుస్తాయి. పాలిటెక్నిక్‌లో ఈ ముక్క చెప్పీ చెప్పీ నా గొంతు కూడా అరిగింది.) స్క్రూ గుంటలో బిట్ గోడని ఆరు చోట్ల నెడుతుంది, అంటే ఆరెద్దులన్నమాట. ఎలెన్ కీ (ఎల్ ఆకారపు ఆరు పలకల కడ్డీ) పెట్టే గుంటలో ఆ ఆరెద్దులూ ఇలా 60 డిగ్రీల వాలులోనే లాగుతాయి.

అమెరికాలో కామ్‌కార్ టెక్స్‌ట్రాన్ కంపెనీ 1967లో తెచ్చిన టార్క్స్ గుంట, అంటే మన చాకు స్క్రూలో ఉన్న పువ్వు గుంట, ఈ తాడుని సరిచేసింది. ఆరు రేకుల గోడలు దాదాపు నిట్టనిలువుగా ఎదురొడ్డుతాయి, వాలు 15 డిగ్రీలే. 97 శాతం తిప్పడానికి పోతే 26 శాతమే బయటికి. ఒకే తిప్పుడు బలానికి పోల్చి చూస్తే, ఎలెన్ గుంట గోడని బయటికి నెట్టే బలం టార్క్స్‌కి ఆరు రెట్ల పైమాటే. ఇక మన ప్లస్ స్క్రూలో ఎద్దు తాడు పైకి వాలి ఉంటుంది. గుంట కిందికి సన్నబడుతుంది కాబట్టి, గట్టిగా తిప్పేకొద్దీ బిట్ పైకి ఎగదన్నుతుంది.

మరి ఇంత మంచి గుంట ఎందుకు అరిగింది? చాకుల్లో ఎక్కువగా ఉండేవి టి6, టి8 సైజులు. టి6 బిట్ ఒక కొన నుంచి ఎదురు కొనకి సుమారు 1.7 మి.మీ. ఉదాహరణకి 2 సెం.మీ. వ్యాసార్థం ఉన్న స్క్రూడ్రైవర్ పిడిని చేత్తో 2 కిలోల బలంతో తిప్పారనుకోండి. కేంద్రం నుంచి 0.8 మి.మీ. దూరంలో ఆ 2 కిలోలు 50 కిలోలవుతాయి. మిర్చి యార్డులో ఇంచుమించు ఒక టిక్కీ (మిరపకాయల బస్తా) బరువు. ఆరు రేకులు పంచుకున్నా ఒక్కోదానికి 8 కిలోల పైనే, అదీ లోతు సరిగ్గా ఒక మి.మీ. కూడా లేని గోడ మీద. బిట్ సగమే దిగితే మోసే గోడ సగమైపోతుంది, దాని అంచు నలిగి వాలుతుంది. గోడ వాలగానే తాడు కూడా వాలుతుంది: 15 కాస్తా 30, తర్వాత 45. బయటికి నెట్టే బలం పెరిగి అంచు ఇంకా నలుగుతుంది. అందుకే ఒకసారి జారిన బిట్ రెండోసారి ఇంకా తేలిగ్గా జారుతుంది, మూడోసారికి గానుగ తయారు.

బిట్ సగమే ఎందుకు దిగిందంటారా? ఫోటో పెద్దది చేసి చూస్తే గుంట అడుగున ఎర్రగా కనిపించింది. తుప్పనుకున్నాను. అడిగితే, దసరాకి ఆయుధ పూజలో పెట్టామన్నాడు. కుంకుమ! తడి పసుపు మీద అద్దిన కుంకుమ ఎండి, గుంటలో గచ్చులా కూర్చుంది. నేను పూజకి వ్యతిరేకిని కాను, మా ఇంట్లో వెర్నియర్ కాలిపర్స్‌కి కూడా బొట్టు పెడతాం. కత్తిని చేతికివ్వకూడదు, కింద పెడితే తీసుకోవాలన్న పట్టింపులో మంచి బుద్ధే ఉంది, వేళ్లు తెగవు. కాకపోతే బొట్టు పిడి మీద పెట్టండి, స్క్రూ తల మీద వద్దు.

ఇక వేలు పెట్టినవాడి సంగతి. చాకు తయారుచేసేవాళ్లు మరల్లో తరచూ ఒక జిగురు చుక్క వేస్తారు, ఎక్కువగా నీలం రంగుది. 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో వెర్నన్ క్రీబుల్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ తయారుచేసిన రకం ఇది. దీని స్వభావం తమాషాగా ఉంటుంది: గాలి తగులుతున్నంతసేపూ ఆక్సిజన్ దాన్ని గట్టిపడనివ్వదు, అందుకే సీసాలో గాలికి చోటు వదిలే నింపుతారు. గాలి చొరని మరల సందులో, లోహపు అయాన్లు తోడైతే, చిన్న అణువులు గొలుసులుగా అల్లుకుని గట్టిపడతాయి. 80తో రావాల్సిన స్క్రూని అదనంగా పట్టుకునేది ఈ గొలుసులే.

వేడికి అవి మెత్తబడతాయి. కాబట్టి ముందు సూదితో, స్పిరిట్‌తో గుంట శుభ్రం చేసి, సోల్డరింగ్ ఐరన్ మొనని స్క్రూ తల మీద ఒక నిమిషం ఆనించండి. పిడి ప్లాస్టిక్ అయితే జాగ్రత్త, కరుగుతుంది. గ్యాస్ మంట మాత్రం వద్దు. చాకు అలుగుని గట్టిపరిచాక చాలా ఉక్కుల్ని 200 డిగ్రీల ప్రాంతంలో కాచి పదును నిలిచేలా చేస్తారు, దానికి మించి వేడెక్కితే ఆ గట్టిదనం పోతుంది. వేడి తగ్గకముందే సరైన బిట్ పెట్టి, తిప్పడం కన్నా ఎక్కువగా కిందికి నొక్కండి. నొక్కితే బిట్ అడుగుదాకా దిగుతుంది, మిగిలిన గోడంతా పనిలోకి వస్తుంది.

అప్పటికీ జారితే ఆటోనగర్ చిట్కా ఒకటి. అక్కడ ఇంజన్ వాల్వులు కూర్చోబెట్టడానికి గ్రైండింగ్ పేస్ట్ వాడతారు, గరుకు రేణువులున్న జిడ్డు. బిట్ కొనకి కొంచెం పూస్తే రేణువులు రెండు లోహాల్లోనూ గుచ్చుకుని పట్టునిస్తాయి. రబ్బరు బ్యాండు మధ్యలో పెట్టమని అందరూ చెబుతారు. ప్లస్ స్క్రూకి ఒక్కోసారి పని చేస్తుందేమో గానీ, టి6 గుంటలో రబ్బరు చోటు తినేసి బిట్‌ని పైకి లేపుతుంది. నేను వద్దంటాను. కొంచెం పెద్ద సైజు టార్క్స్ బిట్‌ని సుత్తితో మెల్లగా కొట్టి దించడం మేలు. అది కొత్త గోడలు కోసుకుంటుంది. ఆ స్క్రూ ఇక పనికిరాదు, బిట్ కూడా పోవచ్చు.

షాపులో జాగ్రత్తగా అడగండి. మన దగ్గర "స్టార్" అంటే ప్లస్సే ఇస్తారు. బీసెంట్ రోడ్డులో నేను రెండుసార్లు అలా మోసపోయాను, తప్పు నాదే. "టార్క్స్, టి6" అని చెప్పి, ఫోటో చూపించండి.

ఏదీ కుదరకపోతే స్క్రూ తలనే డ్రిల్లుతో తీసేయాలి. భయపడాల్సినంత పని కాదు. చాకుని గుడ్డ చుట్టి వైస్‌లో బిగించి, కళ్లద్దాలు పెట్టుకుని, స్క్రూ కాడంత లావు డ్రిల్ బిట్‌తో తల మధ్యలో మెల్లగా దించాలి. తల ఊడిపోగానే మన 100 లెక్క ఏమవుతుందో చూడండి. తల కింద రాపిడి సగం తలతోపాటే పోయింది. సాగి ఉన్న స్క్రూ సడలింది కాబట్టి మరల్ని ఒత్తేది లేదు, ఆ 40 కూడా పోయింది. మిగిలింది జిగురొక్కటే, అదీ డ్రిల్లు వేడికి మెత్తబడి ఉంటుంది. పిడి రెక్క ఎత్తేస్తే కింద చిన్న మొండెం నిలబడి ఉంటుంది. నోస్ ప్లయర్‌తో పట్టుకుని తిప్పండి, చాలాసార్లు అర చుట్టు తర్వాత వేళ్లతోనే వచ్చేస్తుంది.