బెంగాల్ చేతిపంపుల నుంచి డీఎన్‌ఏ దాకా: ఆర్సెనిక్ కథ

1970లలో బంగ్లాదేశ్ పల్లెల్లో చెరువు నీళ్లు తాగి పిల్లలు కలరా, విరేచనాలతో చనిపోతుంటే యూనిసెఫ్, ప్రభుత్వం కలిసి ఊరూరా చేతిపంపులు వేయించాయి. ఆ ఉద్దేశంలో తప్పు లేదు. కానీ ఆ పంపుల నీళ్లలో ఆర్సెనిక్ అనే విషం ఉందేమోనని అప్పట్లో పరీక్షించలేదు. హిమాలయాల నుంచి నదులు మోసుకొచ్చిన ఒండ్రులో అది ఇనుముకు అంటుకుని ఉంటుంది. నేల లోపల గాలి ఆడని చోట బ్యాక్టీరియా ఆ ఇనుమును కరిగిస్తే నీళ్లలోకి దిగుతుంది. రంగు, రుచి, వాసన ఏవీ మారవు. మరగబెట్టినా పోదు.

1983లో కోల్‌కతా చర్మవైద్యుడు కె.సి. సాహా, అరచేతులు గరుకెక్కి ఒంటి నిండా మచ్చలతో వచ్చిన పల్లె రోగులను చూసి, కారణం తాగునీరేనని గుర్తించారు. బంగ్లాదేశ్‌లో అది బయటపడింది 1993లో. సరిహద్దుకు అటూ ఇటూ ఒకటే మట్టి అయినా పదేళ్లు పట్టడం ఇప్పటికీ మింగుడుపడదు. 2000 నాటికి అక్కడ 3.5 కోట్ల నుంచి 7.7 కోట్ల మంది ప్రమాదంలో ఉన్నారని అంచనా వేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) 1993లోనే తాగునీటిలో ఆర్సెనిక్ పరిమితిని లీటరుకు 10 మైక్రోగ్రాములకు తగ్గించినా, బంగ్లాదేశ్ 50 దగ్గరే ఉండిపోయింది.

మచ్చలు పైకి కనిపించేవి. అసలు నష్టం కణం లోపల. మన డీఎన్‌ఏ రోజూ దెబ్బతింటూనే ఉంటుంది, దాన్ని మరమ్మతు చేసే ప్రొటీన్లు ఎప్పటికప్పుడు సరిచేస్తుంటాయి. వాటిలో పార్ప్-1 లాంటివి జింకు ఉంటేనే పనిచేస్తాయి. ఆర్సెనిక్ ఆ జింకును తోసేసి దాని చోట చేరుతుంది. మరోపక్క ఆక్సీకరణ ఒత్తిడి, అంటే కణాన్ని దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ అణువుల తాకిడి, పెంచి డీఎన్‌ఏకు కొత్త గాయాలు చేస్తుంది. గాయాలు పెరుగుతున్న సమయంలోనే మరమ్మతు మందగిస్తుంది. పైగా ఆర్సెనిక్‌ను బయటికి పంపడానికి లివర్ వాడే మిథైల్ గుంపులే (చిన్న రసాయన ముక్కలు) జన్యువుల పనిని అదుపు చేయడానికీ కావాలి. ఈ నష్టమే క్యాన్సర్‌కు దారితీస్తుంది.

నీళ్లు మార్చగానే ఇదంతా ఆగిపోదు. చిలీలోని ఆంటోఫగాస్తా నగరం 1958 నుంచి 1970 దాకా లీటరుకు 800 మైక్రోగ్రాములకు పైగా ఆర్సెనిక్ ఉన్న నీళ్లు తాగింది. ఆ తర్వాత శుద్ధి ప్లాంటు వచ్చింది. అయినా ఊపిరితిత్తుల, మూత్రాశయ క్యాన్సర్ మరణాలు దశాబ్దాల పాటు ఎక్కువగానే నమోదయ్యాయి. ఆ ఏళ్లలో తల్లి కడుపులో, పసితనంలో ఉన్నవాళ్లు కూడా పెద్దయ్యాక నడివయసులోనే ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు బలయ్యారు.

బంగ్లాదేశ్‌లో విషమున్న పంపులకు ఎరుపు, లేనివాటికి ఆకుపచ్చ రంగు వేశారు. ఎర్ర పంపు వదిలేసిన కుటుంబాలకు క్యాన్సర్ పరీక్షలు ఏళ్ల తరబడి ఉచితంగా జరగాలి. అది నీటి శాఖ పని కాదు, ఆరోగ్య శాఖ పని.