మోటారు కాలింది సరే, ఎందుకు కాలిందో చూశారా? వైండింగ్ షాపు నుంచి అపోహలు - వాస్తవాలు

యాసంగి నాట్లు పడ్డాయంటే మా షాపు ముందు బోరు మోటార్లు వరస కడతాయి. తెచ్చిన ప్రతి ఒక్కరూ అడిగేది "ఎప్పుడిస్తవ్, ఎంతయితది?" అనే. వాళ్ళ టెన్షన్ నాకు తెలుసు, పొలం ఎండుతుంటే ఎవరైనా అదే అడుగుతారు. కానీ ఎందుకు కాలిందని అడిగేవాళ్ళు చాలా తక్కువ, డబ్బు పోయేదంతా అక్కడే.

అపోహ: వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్టలు) కొత్తగా చేయిస్తే సమస్య తీరినట్టే.

తీరదు. కాలిన వైండింగ్ చూస్తే ఏం జరిగిందో చాలావరకు తెలిసిపోతుంది. మూడు ఫేజుల కాయిల్స్‌ను కలపడానికి స్టార్, డెల్టా అని రెండు పద్ధతులున్నాయి. స్టార్ కనెక్షన్‌లో రెండు ఫేజుల కాయిల్స్ మాడి మూడోది బాగుంటే అది సింగిల్ ఫేజింగ్, అంటే ఒక ఫేజు పోయినా మోటారు మిగతా రెండింటి మీదే నడిచిందన్నమాట. డెల్టా అయితే దీనికి రివర్స్, ఒక ఫేజే మాడి మిగతా రెండూ బాగుంటాయి. మూడూ ఒకేలా మాడితే ఓవర్‌లోడో, లో వోల్టేజో. ఒక్కచోటే మచ్చలా కాలితే అక్కడ ఇన్సులేషన్ పోయి తీగకు తీగ తగిలిందన్నమాట. అందుకే పాత తీగ కోసెయ్యకముందే మీ కళ్ళతో చూడండి, ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి.

మా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయన మోటారు ఒకే యాసంగిలో రెండోసారి కాలింది. మొదట చేసినవాడు కాపర్ తక్కువేశాడని తిట్టుకుంటూ వచ్చాడు. విప్పితే రెండు ఫేజులు మాడి ఉన్నాయి, మూడోది కొత్తదానిలా ఉంది. స్టార్టర్ చూడాలన్నాను. "స్టార్టర్ మంచిగనే ఉంది, నువ్వు మోటార్ చెయ్యి" అని కోపం. బండేసుకుని వెళ్ళి మెయిన్ ఆపి డబ్బా తెరిస్తే, కాంటాక్టర్‌లో (మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు) ఒక కాంటాక్టు కాలి గుంటలు పడి ఒక ఫేజును అప్పుడప్పుడూ వదిలేస్తోంది. మరి కరెంటు ఎక్కువైతే మోటారును ఆపాల్సిన ఓవర్‌లోడ్ రిలే ఏం చేస్తోంది? మాటిమాటికీ ట్రిప్ అవుతోందని ఎవరో వైరు ముక్క పెట్టి డైరెక్ట్ చేసేశారు! కాంటాక్టుల కిట్ ఖర్చు, మోటారు పైకి తీసి వైండింగ్ చేయించి మళ్ళీ దించే ఖర్చు ముందు ఏ మూలకూ రాదు.

రిలే ట్రిప్ అవుతోందంటే రిలే పాడైందని కాదు, మోటారు ఆంపియర్లు ఎక్కువ లాగుతోందని. ఒక ఫేజు పోయి అదే లోడు మీద తిరిగితే మిగతా లైన్లలో కరెంటు దాదాపు 1.73 రెట్లవుతుంది. రిలేను డైరెక్ట్ చేయడమంటే మొరిగే కుక్క మూతి కట్టేసి దొంగ పోయాడనుకోవడమే. డయల్‌ను చివరిదాకా తిప్పేయడం కూడా అంతే, నేమ్‌ప్లేట్ మీదున్న ఆంపియర్లకే పెట్టాలి. మోటారు నడుస్తుండగా మూడు ఫేజులకూ టంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పెట్టి ఆంపియర్లు కొలిచే మీటరు) పెట్టించండి. ఒకదానికీ ఇంకోదానికీ బాగా తేడా ఉంటే అప్పుడే వెతకడం మొదలుపెట్టాలి, కాలాక కాదు.

అపోహ: బోరులో నీళ్ళు అయిపోతే రిలేనే ఆపేస్తుంది.

ఆపదు. నీళ్ళు లేకపోతే ఆంపియర్లు పెరగవు, పడిపోతాయి, ఇక రిలేకు ఏం తెలుస్తుంది? చుట్టూ నీటి చల్లదనం లేక మోటారు వేడెక్కుతుంది, బేరింగ్ పోతుంది. దానికి, నీళ్ళు లేకపోతే మోటారును ఆపే డ్రైరన్ ప్రివెంటర్ వేరే పెట్టించాలి.

అపోహ: కరెంటు రాగానే మోటారును తానే ఆన్ చేసే ఆటోస్టార్టర్ ఉంటే హాయి.

నిద్ర హాయే, కాదనను. కానీ కరెంటు రాగానే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి, ఒక్కోటి మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు గుంజుతుంది, వోల్టేజ్ కూలిపోతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఈ ఆటోస్టార్టర్లను తీసేయమని ఊరూరా చెప్పారు, నీళ్ళు ఊరికే తోడకుండా ఉండటానికి కూడా.

పెద్ద హెచ్‌పీ వేస్తే నీళ్ళు ఎక్కువొస్తాయనేది ఇంకోటి. బోరులో ఊట ఎంతో అంతే, మోటారు నీళ్ళు పుట్టించదు. కెపాసిటర్ దండగ అనేవాళ్ళూ ఉన్నారు, సరైన సైజుది పెడితే లైను మీద లోడు తగ్గుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతే మాత్రం దయచేసి మీరే ఎక్కకండి, ఎంత ఆలస్యమైనా లైన్‌మెన్‌నే పిలవండి.

ఈసారి మోటారు తెచ్చేటప్పుడు మెయిన్ ఆపి, తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో విప్పించి స్టార్టర్ డబ్బా కూడా ట్రాలీలో వేసుకురండి.