ఆర్మీ ఆయన భార్య, టీచర్ ఉద్యోగం: అపోహలు - వాస్తవాలు

జనవరి వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. అన్నిట్లోనూ దాదాపు ఒకటే ప్రశ్న. "అక్కా, మా ఆయన ఆర్మీ కదా, ఆర్మీ పబ్లిక్ స్కూల్ (ఏపీఎస్)లో నాకు ఉద్యోగం ఇచ్చేస్తారట కదా?"

అడిగేది ఎక్కువగా మన జిల్లాల నుంచి పెళ్లై వచ్చిన అమ్మాయిలు. బీఎడ్ చేసి, ఊళ్లో ఏదో ప్రైవేటు స్కూల్లో కొన్నాళ్లు పాఠాలు చెప్పి, మొగుడికి పీస్ స్టేషన్, అంటే కుటుంబంతో ఉండనిచ్చే పోస్టింగ్, వచ్చిందని సామాను కట్టుకుని బయల్దేరినవాళ్లు. ఎవరు చెప్పారమ్మా అంటే, యూనిట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో అన్నారంటారు. నేను మ్యాథ్స్ టీజీటీని, అంటే ఆరు నుంచి పది దాకా లెక్కలు చెప్పే టీచర్ని. మా ఆయన ఆర్టిలరీలో జవానుగా చేరి ఇప్పుడు జేసీవో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్). ఆయన పోస్టింగులతో పాటే నా స్కూళ్లూ మారుతూ వచ్చాయి. అందుకే ఈ మాట కాస్త గట్టిగా చెబుతున్నా.

అపోహ: భర్త ఆర్మీలో ఉంటే ఆర్మీ పబ్లిక్ స్కూల్లో ఉద్యోగం ఖాయం.

ఖాయం కాదు. ఈ ఒక్క మాట నమ్మి ఏళ్లకేళ్లు పోగొట్టుకున్న ఆడపిల్లల్ని నేను కళ్లారా చూశాను.

ఏపీఎస్‌లను నడిపేది ఆర్మీ వెల్ఫేర్ ఎడ్యుకేషన్ సొసైటీ. 1983లో మొదలైన రిజిస్టర్డ్ సొసైటీ అది. స్కూళ్లు సీబీఎస్ఈవి, టీచర్లు మాత్రం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు కారు. ఆర్మీ అన్న పేరుంది కాబట్టి గవర్నమెంటు ఉద్యోగమని మన ఊళ్లో చెప్పుకుంటారు. ఆ ఆశ పెట్టుకుని రావద్దు. రెగ్యులర్ పోస్టులుంటాయి, గడువుతో ముగిసే ఫిక్స్‌డ్ టర్మ్ పోస్టులూ ఉంటాయి. ఆఫర్ చేతికొచ్చినప్పుడు ఏదో చూసుకుని సంతకం పెట్టండి.

ఎంపిక మూడు మెట్లు. మొదట సొసైటీ పెట్టే ఆన్‌లైన్ స్క్రీనింగ్ టెస్ట్, అంటే ఓఎస్‌టీ. తర్వాత ఇంటర్వ్యూ. ఆ పైన పాఠం చెప్పి చూపించాలి, కంప్యూటర్ వచ్చా రాదా అని కూడా చూస్తారు. వీటిలో ఎక్కడా మొగుడి ర్యాంకుకి మార్కులు లేవు. సుబేదార్ గారి భార్య అయినా, కల్నల్ గారి భార్య అయినా రాయాల్సిన పరీక్ష అదే.

ఇంకా పెద్ద దెబ్బ బీఎడ్ దగ్గర తగులుతోంది. బీఎడ్ ఉంటే ఏ క్లాసుకైనా చెప్పొచ్చని ఇప్పటికీ నమ్ముతున్నారు. 2018లో టీచర్ల అర్హతలు నిర్ణయించే ఎన్‌సీటీఈ ఇచ్చిన నోటిఫికేషన్ వల్ల కొన్నాళ్లు బీఎడ్ వాళ్లకీ ప్రైమరీ పోస్టులకు అవకాశం ఉండేది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు అది చెల్లదని తేల్చేసింది. ఒకటి నుంచి ఐదు దాకా చెప్పాలంటే డీఎల్ఎడ్ లాంటి ప్రైమరీ శిక్షణ కావాలి. బీఎడ్ టీజీటీకి పనికొస్తుంది. పీజీ కూడా ఉంటే పదకొండు, పన్నెండుకి చెప్పే పీజీటీకి.

కాకినాడ వైపు అమ్మాయి ఒకామె మా పక్క బ్లాకులో ఉండేది. బీఎస్సీ, బీఎడ్, చక్కగా చెబుతుంది. పిల్లాడు చిన్నవాడు కదా, చిన్న క్లాసులైతే తేలికని అన్నిచోట్లా పీఆర్‌టీకే, అంటే ప్రైమరీ టీచర్ పోస్టుకే, అప్లై చేస్తూ పోయింది. ఒక స్కూల్లో సర్టిఫికెట్ల పరిశీలన దగ్గరే ఆపేశారు. సాయంత్రం మా ఇంటికొచ్చి ఫైలు బల్ల మీద పెట్టి, "నాలో ఏం లోపం ఉందక్కా?" అని ఏడ్చింది. లోపం ఆమెలో లేదు, దరఖాస్తు చేసిన పోస్టులో ఉంది. ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పుంటే ఆ వయసులో అంత బాధ పడాల్సిన పని లేకపోయేది. ఆ రాత్రే కూర్చుని టీజీటీ సైన్స్‌కి ఏమేం కావాలో రాసుకున్నాం. ఇప్పుడామె జబల్‌పుర్‌లో ఏడో తరగతికి పాఠాలు చెబుతోంది.

సీటెట్, అంటే సీబీఎస్ఈ పెట్టే కేంద్ర టెట్, గురించి తిరిగే పుకారు ఇంకోటి, ఏడేళ్లకు చెల్లకుండా పోతుందని. అది పాత రూలు. 2021లోనే జీవితకాలం చేశారు, 2011 నుంచి పాసైన వాళ్లందరికీ వర్తిస్తుంది. పేపర్ 1 ప్రైమరీకి, పేపర్ 2 ఆరు నుంచి ఎనిమిదికి. జనరల్ కేటగిరీకి 150కి 90 రావాలి. భాషల్లో ఒకటిగా తెలుగు తీసుకోవచ్చు, తెలుగు మీడియంలో చదివామని వెనక్కి తగ్గకండి. ఏపీ టెట్టో తెలంగాణ టెట్టో ఉందిగా, ఇది ఎందుకులే అనుకోవద్దు. కేంద్రీయ విద్యాలయాలు అడిగేది సీటెట్.

మరి చదవడానికి టైమెక్కడిదని అడుగుతారు. ఆయన ఫీల్డ్‌కి, అంటే సరిహద్దు లాంటి చోట డ్యూటీకి, వెళ్లినప్పుడే. ఫీల్డ్ ఏరియాకి ఫ్యామిలీని తీసుకెళ్లనివ్వరు కాబట్టి ఎలాగూ పుట్టింట్లోనో అత్తగారింట్లోనో ఉంటాం. రెండేళ్ల డీఎల్ఎడ్ మధ్యలో పోస్టింగ్ ఆర్డర్ వచ్చి ఆగిపోకుండా పూర్తయ్యేది అప్పుడే. డీఎల్ఎడ్ ప్రవేశ పరీక్ష డీసెట్ రాసేది, సీటెట్‌కి కూర్చునేది అప్పుడే. పిల్లల్ని చూసుకోవడానికి ఇంట్లో పెద్దవాళ్లూ ఉంటారు. ఇదంతా ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. జవాన్లు చాలామంది నలభై అటూ ఇటూగా ఉండగానే రిటైరై ఇంటికొస్తారు. అప్పటికి పిల్లలు టెన్తో ఇంటరో. పెన్షన్ వస్తుంది, కానీ ఆయనకి రెండో ఉద్యోగం దొరికేదాకా ఇల్లు నిలబడాలంటే మీ జీతం కావాలి.

ఇంకో ముఖ్యమైన విషయం, పోస్టింగ్ వచ్చిందని స్కూలుకి చెప్పాపెట్టకుండా మానేయొద్దు. నోటీసు ఇవ్వండి, రిలీవింగ్ లెటరు, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చేతిలో పడ్డాకే సామాను ట్రక్కు ఎక్కించండి. తర్వాత పోస్టులో పంపిస్తామంటే ఒప్పుకోకండి. పంపరు.

అపోహ: ట్రాన్స్‌ఫర్లతో పిల్లల చదువు పాడవుతుంది.

అత్తగార్లకి ఇదే పెద్ద బెంగ. కేంద్రీయ విద్యాలయాలు పుట్టిందే ఈ బెంగ తీర్చడానికి. 1963లో 20 రెజిమెంటల్ స్కూళ్లతో మొదలయ్యాయి. ఒక కేవీ నుంచి టీసీ తెచ్చుకుంటే కొత్త స్టేషన్ కేవీలో చేర్చుకుంటారు. పుస్తకాలు కూడా అవే. మధ్యలో వచ్చిన పిల్లల నోటుబుక్కులు చూడండి, లేబుల్ మీద పాత స్కూలు పేరు కొట్టేసి కింద కొత్తది రాసి ఉంటుంది. లోపల లెక్క మాత్రం ఆపిన చోటి నుంచే సాగుతుంది. టెన్త్, పన్నెండు ఏళ్లలో మాత్రం కదపకుండా చూసుకోండి. అప్పటికి ఆయన ఫీల్డ్‌కి వెళ్తుంటే ఎస్ఎఫ్ క్వార్టర్‌కి, అంటే ఆయన లేకుండా కుటుంబం ఉండటానికిచ్చే ఇంటికి, ముందుగా అప్లై చేయండి.

నిజంగా దెబ్బతినేది తెలుగు. దాన్ని స్కూలు నేర్పదు, మనమే నేర్పుకోవాలి. సెలవులకి వచ్చేటప్పుడు సిర్పూర్ కాగజ్‌నగర్ దగ్గర్నుంచి కాజీపేట దాకా స్టేషన్ బోర్డులు మా అమ్మాయి చేత చదివించేదాన్ని. పెద్దపల్లిలో 'ద్ద' దగ్గర ఆగిపోయేది. మరుసటి ఏడాది రైలు ఆగకముందే చదివేసింది. ఇప్పుడు వాళ్ల నానమ్మకి ఉత్తరం రాస్తుంది.

ఇంజనీరింగ్ అడ్మిషన్ల మాట కూడా చాలామందికి తెలియదు. బయట చదివిన పిల్లలకి లోకల్, నాన్‌లోకల్ సమస్య వస్తుంది. అందుకే ప్రతి స్కూలు నుంచీ స్టడీ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. ఈఏపీసెట్‌లో సైనికుల పిల్లలకి సీఏపీ (చిల్డ్రన్ ఆఫ్ ఆర్మ్‌డ్ పర్సనెల్) కోటా ఉంది. దాని కాగితాల కోసం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి, ఏజెంట్ల దగ్గరికి కాదు.

అపోహ: ఆర్మీ వాళ్లింట్లో అన్నీ ఫ్రీ, ఆవిడకి ఉద్యోగం దేనికి.

క్యాంటీన్‌లో వస్తువు తక్కువకి వస్తుంది, ఊరికే రాదు. దీని మీద ఇంతకంటే చెప్పేదేం లేదు.

అపోహ: ఆయన బోర్డర్‌లో ఉంటే ఆ టెన్షన్‌తో క్లాసు చెప్పలేరు, మానేయడమే మంచిది.

2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ జరిగిన ఆ నాలుగు రోజులూ మా స్టాఫ్‌రూమ్‌లో మొగుడు పశ్చిమ సరిహద్దులో ఉన్నవాళ్లం చాలామందిమి ఉన్నాం. ఎవరి ఫోను ఎప్పుడు మోగుతుందో తెలియదు. నాకు మాత్రం క్లాసులో ఉన్న నలభై నిమిషాలే కాస్త ఊపిరి ఆడేది. బోర్డు మీద సమీకరణం ఉన్నంతసేపు మనసు అక్కడే ఉంటుంది. భయం వేయడం తప్పు కాదు, భయపడుతున్న అమ్మాయిని ఉద్యోగం మానేయమనడం తప్పు. మమ్మల్ని ఆ రోజుల్లో ఎక్కువ వేధించింది వాట్సాప్. పాత వీడియోలు, పేర్లు లేని మరణ వార్తలు, ఎవరో చేసిన మ్యాపులు. యూనిట్ నుంచి కబురంటూ ఉంటే నేరుగా ఇంటికి వస్తుంది, ఫార్వర్డ్‌లో రాదు. అలాంటి గ్రూపులు మ్యూట్ చేసేయండి. క్వార్టర్స్‌లో ఉంటే పక్కింటి తలుపు తట్టండి, రాత్రి పదకొండైనా సరే. ఊళ్లో ఉంటే యూనిట్ నంబరు, ఆయన ఆర్మీ నంబరు, సైనిక సంక్షేమ కార్యాలయం నంబరు ఒక కాగితం మీద రాసి మామగారికి ఒకటి, మీ పర్సులో ఒకటి పెట్టుకోండి.