3.9 సెకన్లు చెప్పని సంగతులు

చిరంజీవులకు ఆశీస్సులు.

ఖరీదైన తరగతి హాచ్‌బ్యాక్‌లలో, అంటే డిక్కీకి బదులు వెనుక పైకి తెరుచుకునే తలుపున్న కార్లలో, వేగానికి పేరుపడ్డ కారు ఏది కొత్తగా వచ్చినా, దాని మీద అభిప్రాయాలు ఇంత విరుద్ధంగా ఎందుకు ఉంటాయని మీరు అడిగారు. ఒకే కారును ఒకరు అద్భుతమంటారు, మరొకరు నడిపేవాడికి పని మిగల్చని యంత్రమంటారు, ఇంకొకరు నడుము విరిచే బండి అంటారు. ముగ్గురూ తెలిసినవాళ్లలాగే మాట్లాడుతున్నారని కూడా రాశారు. నాకు తోచినంతలో ముగ్గురూ నిజమే చెబుతున్నారు. కాకపోతే ఒకరు కాగితం మీది అంకెలు చూసి, ఒకరు నున్నటి ట్రాక్ మీద ఒక పూట నడిపి, ఒకరు గతుకుల రోడ్ల మీద ఏడాదిపాటు తిరిగి చెబుతున్నారు. ఎవరి అభిప్రాయం విన్నా అది ఏ రోడ్డు మీద, ఏ టైర్ల మీద, ఎంతకాలం నడిపాక పుట్టిందో ముందుగా అడగండి. సగం గొడవ అక్కడే తీరుతుంది. మిగిలిన సగం తీరాలంటే కారు లోపల ఏం జరుగుతోందో కొంత తెలియాలి కనుక ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది.

ఈ జాతి కార్లు జనంలోకి వెళ్లడానికి ప్రధాన కారణం వోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ. దానిని 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో చూపించి 1976లో అమ్మకానికి పెట్టారు. 1.6 లీటర్ల ఇంజన్, 110 హార్స్‌పవర్, సుమారు 810 కిలోల బరువు, గంటకు 182 కిలోమీటర్ల గరిష్ఠ వేగం. మొదట 5,000 కార్లు మాత్రమే చేద్దామనుకున్నారు గానీ, ఆ మొదటి తరం కార్లే లక్షల్లో అమ్ముడయ్యాయి. వారమంతా ఆఫీసుకూ బజారుకూ తిరిగే బండే సెలవు రోజున కొండదారిలో ఉత్సాహంగా పరుగెత్తగలగడం అప్పటివారికి కొత్త. నా దృష్టిలో ఇప్పటి కార్లను కూడా ఆ గీటురాయి మీదే గీసి చూడాలి.

ఇక మీరు ప్రత్యేకంగా అడిగిన మెర్సిడెస్-ఏఎంజీ ఏ 45 ఎస్ సంగతికి వస్తాను. 2019లో వచ్చిన ఈ కారు ఇంజన్ రెండు లీటర్లదే, సిలిండర్లు నాలుగే. అయినా అది 421 హార్స్‌పవర్, 500 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది. 1975 నాటి పోర్షే 911 టర్బోకు మూడు లీటర్ల ఇంజన్‌తో 260 హార్స్‌పవర్ ఉండేదని గుర్తుచేసుకుంటే, ఈ చిన్న ఇంజన్ ఎంత పని చేస్తోందో తెలుస్తుంది. ఒక్కో ఇంజన్‌ను మొదటి నుంచి చివరి దాకా ఒకే మనిషి బిగించి, దాని మీద తన సంతకం ఉన్న పలక అతికిస్తాడు. సంతకం సంగతి అందరూ చెప్పుకుంటారు గానీ, నాకు అంతకన్నా ముచ్చటైనది టర్బో, అంటే బయటికి పోయే పొగ ఊపుతో తిరుగుతూ ఇంజన్‌లోకి ఎక్కువ గాలిని తోసే పరికరం. సాధారణంగా టర్బో ఇరుసు చమురు పొర మీద తిరుగుతుంది. ఇందులో దానికి రోలర్ బేరింగులు అమర్చి రాపిడిని తగ్గించారు. అందువల్ల యాక్సిలరేటర్ నొక్కిన క్షణానికీ ఇంజన్ అందుకున్న క్షణానికీ మధ్య ఉండే ఆలస్యం తగ్గింది. అంతేకాక టార్క్ అంతా కింది వేగంలోనే ఒక్కసారిగా దూకకుండా, నిమిషానికి 5,000 చుట్ల (ఆర్‌పీఎం) దగ్గర శిఖరానికి చేరేలా మలిచారు. టర్బో ఇంజన్ అయినా పైదాకా తిప్పి నడపాలనిపించేది ఇందుకే. ‘పికప్ బాగుంది’ అన్న ఒక్క మాటలో ఈ తేడా ఇమడదు.

ఇప్పుడు అందరూ జపించే అంకె. ఏ 45 ఎస్ నిలిచిన చోటు నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని 3.9 సెకన్లలో అందుకుంటుంది. దానికి పోటీ అయిన ఆడి ఆర్‌ఎస్ 3కి 3.8 సెకన్లు చాలు. హోండా సివిక్ టైప్ ఆర్‌కు మాత్రం 5.4 సెకన్లు పడుతుంది. కాగితం చదివి తీర్పు చెప్పేవాళ్లు ఇక్కడితో హోండాను పక్కన పెట్టేస్తారు. అయితే ఆ సెకన్లు ఎక్కడ పోయాయో చూడండి. కారు ముందుకు దూకేటప్పుడు దాని భారం వెనుక చక్రాల మీదికి ఒరుగుతుంది. ముందు చక్రాలు మాత్రమే లాగే కారులో, పట్టు అవసరమైన చక్రాలే ఆ క్షణంలో తేలికపడి జారతాయి. ఏ 45 ఎస్, ఆర్‌ఎస్ 3 లాంటి నాలుగు చక్రాలూ లాగే కారుకు ఆ బాధ తక్కువ. పైగా కంప్యూటరే క్లచ్‌ను వదిలి గేర్లు మార్చే పద్ధతి ఉంటే, ఎడమ కాలితో బ్రేకు తొక్కిపట్టి, కుడి కాలితో యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి, బ్రేకు వదిలితే చాలు, మిగతాదంతా కారే చూసుకుంటుంది. హోండాకు మామూలు చేతి గేర్లు, నడిపేది ముందు చక్రాలు. అంటే ఆ అంకె చాలావరకు మొదటి కొన్ని మీటర్లలో టైర్లు రోడ్డును పట్టుకున్న తీరును, గేర్‌బాక్స్ చురుకును చెబుతోందే తప్ప, ఆ తరువాత కారు నడిచే తీరును చెప్పడం లేదు.

దీనికి చక్కని రుజువు జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్ ఉత్తర ట్రాక్. ఒక చుట్టు 20.832 కిలోమీటర్లు, అందులో ఎత్తుపల్లాలూ గుడ్డి మలుపులూ లెక్కలేనన్ని. 2021లో 400 హార్స్‌పవర్ ఆర్‌ఎస్ 3 ఆ చుట్టును 7 నిమిషాల 40.748 సెకన్లలో ముగించింది. 2023లో 329 హార్స్‌పవర్ టైప్ ఆర్ 7 నిమిషాల 44.881 సెకన్లలో ముగించింది. నిలిచిన చోటి నుంచి 100 అందుకోవడంలో వాటి మధ్య తేడా నలభై శాతానికి పైనే కాగా, పూర్తి చుట్టులో అది ఒక్క శాతం కూడా లేదు. డెబ్బై హార్స్‌పవర్ తక్కువైనా, రెండు చక్రాలే లాగుతున్నా, మలుపుల్లోనూ బ్రేకుల్లోనూ హోండా ఆ లోటును దాదాపు పూడ్చుకుందన్నమాట. ఈ చుట్ల లెక్కలను కూడా వేదవాక్యంగా తీసుకోకండి. అవి తయారీదారులే ఎంచుకున్న రోజున, ఆరితేరిన డ్రైవర్లతో, దాదాపు రేసు టైర్ల వంటి టైర్లతో చేయించినవి. అయినా 3.8, 5.4 అనే రెండంకెలతో తీర్పు చెప్పేసేవారి మాటకు ఎంత బరువు ఇవ్వాలో తెలుసుకోవడానికి ఈ ఉదాహరణ సరిపోతుంది.

ముందు చక్రాల కార్లను తిట్టేవారి మాటలో నిజం లేకపోలేదు. ఇంజన్‌ను అడ్డంగా పెట్టిన కారులో గేర్‌బాక్స్ ఒక పక్కకు జరిగి ఉంటుంది కనుక, ముందు చక్రాలకు వెళ్లే రెండు ఇరుసులలో ఒకటి పొట్టిగానూ మరొకటి పొడుగ్గానూ ఉండే అవకాశం ఎక్కువ. దానివల్ల రెండో గేరులో, అతుకులు వేసిన రోడ్డు మీద యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే స్టీరింగ్ చేతుల్లోంచి ఒక పక్కకు గుంజుకుపోతుంది. ముందు ఎడమ చక్రం గతుకులో పడితే అటు, కుడి చక్రం పడితే ఇటు. రెండు చేతులా గట్టిగా పట్టుకోకపోతే పక్క వరుసలోకి వెళ్లిపోతామా అనిపిస్తుంది. హోండా వారు టైప్ ఆర్‌లో స్టీరింగ్ తిరిగే అక్షాన్ని, గతుకుల దెబ్బను పీల్చుకునే సస్పెన్షన్ స్తంభం నుంచి విడదీసి చక్రం మధ్యకు దగ్గరగా తెచ్చారు. ఒక చక్రం జారితే శక్తిని రెండో చక్రానికి మళ్లించే డిఫరెన్షియల్ కూడా పెట్టారు. ఈ రెండింటితో ఆ గుంజుడు చాలావరకు అదుపులోకి వచ్చింది. తడిరోడ్డు మీద మాత్రం నాలుగు చక్రాల కారుకు అది సాటి రాదు. ఆ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

నాలుగు చక్రాల కార్లు కూడా ఒకప్పుడు మలుపుల్లో మొద్దుగానే ఉండేవి. ఇంజన్ బరువంతా ముందు ఇరుసు మీద ఉండి, శక్తి కూడా మొదట ముందు చక్రాలకే పోయి, అవి చేతులెత్తేశాక మాత్రమే వెనక్కి మళ్లేది. దానితో స్టీరింగ్ ఎంత తిప్పినా కారు ముక్కు బయటికే పోయేది. ‘సురక్షితమే గానీ చప్పగా ఉంది’ అన్న పాత విమర్శకు మూలం అదే. ఏ 45 ఎస్‌లో, 2021 ఆర్‌ఎస్ 3లో వెనుక ఇరుసుకు రెండు క్లచ్‌లు పెట్టారు, ఒక్కో చక్రానికి ఒకటి. మలుపు తిరిగేటప్పుడు బయటి వైపు క్లచ్ గట్టిగా పట్టుకుని ఆ చక్రానికి ఎక్కువ శక్తిని పంపుతుంది. బయటి చక్రం ఎక్కువగా తోస్తే కారు తనంతట తానే మలుపు లోపలికి తిరుగుతుంది. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ తొక్కితే ముక్కు బయటికి పోవడానికి బదులు లోపలికి రావడం, పాత కార్లకు అలవాటుపడ్డ నాలాంటివాడికి మొదట కొంత కంగారుగానే ఉంటుంది. ఇంత మార్పు వచ్చాక కూడా పదేళ్ల కిందటి విమర్శనే కొత్త కారుకు అంటగట్టే వాళ్లున్నారు. వాళ్లు నడిపి చెబుతున్నారో, విని చెబుతున్నారో అడగాలి.

నా అసలు ఫిర్యాదు బరువు మీద. ఏ 45 ఎస్ 1,500 కిలోలకు పైమాటే. పాత జీటీఐకి దాదాపు రెట్టింపు. ఇందులో చాలా భాగం ప్రమాదాల్లో లోపలివారిని కాపాడే చట్రానిది, గాలిసంచులది. దానిని నేను తప్పుపట్టను. పాత కారులో కూర్చుని గట్టి ప్రమాదానికి ఎదురెళ్లమంటే ఎవరూ ఒప్పుకోరు. మిగతాది నాలుగు చక్రాల ఏర్పాటు, పెద్ద బ్రేకులు, వెడల్పాటి టైర్లు, విద్యుత్తుతో జరిగే సీట్లు, తెరలు. బరువు పెరిగితే ఆపడానికి పెద్ద బ్రేకులు కావాలి, పెద్ద బ్రేకులు పట్టడానికి పెద్ద చక్రాలు కావాలి, వాటన్నిటినీ లాగడానికి ఇంకా శక్తి కావాలి. 2020లో వచ్చిన టొయోటా జీఆర్ యారిస్ ఈ సుడిలోంచి కొంత బయటపడింది. మూడు సిలిండర్ల 1.6 లీటర్ల ఇంజన్, 261 హార్స్‌పవర్, నాలుగు చక్రాలూ లాగుతాయి, అయినా బరువు సుమారు 1,280 కిలోలు. ర్యాలీ పోటీలను దృష్టిలో పెట్టుకుని చేసిన కారు కనుక దానికి పైకప్పు కూడా కార్బన్ ఫైబర్‌తో చేశారు. వెనుక సీట్లో పెద్దవాళ్లు సుఖంగా కూర్చోలేరు. దాన్ని కొనేవాళ్లు ఆ లోటును తెలిసే ఒప్పుకుంటారు.

వేగం గురించి మీకు లెక్కగా తెలియవలసినది ఒకటుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు పోతుంది. అడ్డం వచ్చినదాన్ని మీరు చూసి బ్రేకు మీద కాలు పెట్టేలోగానే ఆ దూరం అయిపోతుంది. వేగం 140కి పెరిగితే ఆపవలసిన శక్తి దాదాపు రెట్టింపవుతుంది, ఎందుకంటే అది వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. ఏ 45 ఎస్ ఆ 140ని ఎంత నిశ్శబ్దంగా, ఎంత నిలకడగా అందుకుంటుందంటే, ముల్లు చూసుకుంటే తప్ప తెలియదు. దీన్ని పొగిడేవాళ్లూ ఉన్నారు. నాకైతే అది లోపంగానే కనిపిస్తుంది. పాత జీటీఐ గంటకు 90 కిలోమీటర్ల దగ్గరే తన కష్టం అంతా చేతికీ చెవికీ చెప్పుకునేది.

నడుము విరుగుతోందన్నవారి మాటకు ఆధారం టైరు పక్కనే రాసి ఉంటుంది. 235/35 ఆర్ 19 అని ఉంటే, టైరు వెడల్పు 235 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 35 శాతం, అంటే సుమారు 82 మిల్లీమీటర్లు. గతుక్కీ లోహపు చక్రానికీ మధ్య ఉన్న రబ్బరు గోడ అంతే. మలుపులో అది వంగదు కనుక స్టీరింగ్ చురుగ్గా ఉంటుంది, గుంతలో కూడా వంగదు కనుక దెబ్బ వెన్నుకు తగులుతుంది. ఒకే గుణం ఒకరికి పొగడ్త, ఇంకొకరికి తిట్టు.

శబ్దం గురించి ఎక్కువ రాయను. ఐరోపాలో పెట్రోలు కార్లకు కూడా మసిని పట్టే ఫిల్టర్లు వచ్చాక పొగగొట్టాల గొంతు తగ్గింది, ఆ లోటును కొందరు స్పీకర్లతో పూడుస్తున్నారు. ఆర్‌ఎస్ 3 ఐదు సిలిండర్ల ఇంజన్ మాత్రం 1-2-4-5-3 వరుసలో మండుతూ ఇప్పటికీ సొంత గొంతుతో పలుకుతుంది. మీటల గురించి ఒక మాట. ఎనిమిదో తరం గోల్ఫ్ జీటీఐ స్టీరింగ్ మీద తాకితే పనిచేసే మీటలు పెట్టినప్పుడు వాడేవాళ్లు గట్టిగా విసుక్కున్నారు. 2024 మార్పులతో నొక్కే మీటలు తిరిగి వచ్చాయి. మొదటి రోజు నడిపినవారికి అవి ముచ్చటగానే ఉండి ఉండవచ్చు, రోజూ వాడినవారి విసుగే చివరికి నెగ్గింది.

నన్ను ఎంచుకోమంటే పొడి రోడ్లకు టైప్ ఆర్, వానా మంచూ ఎక్కువ ఉండే చోటుకు ఏ 45 ఎస్ అంటాను. మీరు నాతో ఏకీభవించనక్కరలేదు. ఇలాంటి కారును నడిపి చూసే అవకాశం మీకెప్పుడైనా వస్తే మాత్రం మొదట వేగంగా నడపకండి. టైర్ల పేరు, అరుగుదల చూడండి. గంటకు 40 కిలోమీటర్లతో గతుకుల రోడ్డు మీద ఒకసారి సాధారణ మోడ్‌లో, మరొకసారి స్పోర్ట్ మోడ్‌లో వెళ్లండి. ఖాళీగా ఉన్న, ఎదర స్పష్టంగా కనిపించే మలుపులో రెండో గేరులో యాక్సిలరేటర్ సగం మాత్రమే తొక్కి, ముందు చక్రాల కింద ఏం జరుగుతోందో స్టీరింగ్ మీ వేళ్లకు చెబుతోందో లేదో గమనించండి. బ్రేకు మెల్లగా నొక్కినప్పుడు మెల్లగానే పట్టుకుంటోందా, ఒక్కసారిగా కరుస్తోందా చూడండి. ఆ తరువాత వెనుక సీట్లో కూర్చుని, అదే గతుకుల రోడ్డు మీద ఇంకొకరిని నడపమనండి. అప్పుడు మీకు కలిగిన అభిప్రాయం నాకు రాయండి, టైర్ల వివరంతో సహా.

ప్రేమతో,
మీ తాతయ్య