పండగ పాట మోగితే డబ్బు ఎవరికి?

డిసెంబరు రాగానే అమెరికా రేడియోల్లో ‘మెర్రీ క్రిస్మస్, హ్యాపీ హాలిడేస్’ పాట మొదలవుతుంది. ఎన్‌సింక్ అనే అయిదుగురు కుర్రాళ్ల బృందం పాడిన పాట అది. 1998 నవంబరు 10న వచ్చిన ‘హోమ్ ఫర్ క్రిస్మస్’ ఆల్బమ్‌లోది. ఎంత హుషారైన పాటో! కానీ ఆ పాట పాడిన రోజుల్లో ఆ కుర్రాళ్ల చేతికి ఎంత వచ్చిందో తెలిస్తే మనసు చివుక్కుమంటుంది.

మనకు సంక్రాంతికి సినిమాలు ఎలాగో, అమెరికాలో క్రిస్మస్‌కు ఆల్బమ్‌లు అలాగ. 1957లో ఎల్విస్ ప్రెస్లీ, 1970లో జాక్సన్ 5 అన్నదమ్ములు పండగ ఆల్బమ్‌లు తెచ్చారు. 1989లో న్యూ కిడ్స్ ఆన్ ద బ్లాక్, 1997లో హ్యాన్సన్ సోదరులు అదే దారి పట్టారు. కంపెనీలకు ఇందులో రెండు లాభాలు. ఒకటి, ఏటా పండగ వస్తుంది కాబట్టి ఏటా అమ్ముకోవచ్చు. రెండు, పాత కీర్తనలకు హక్కుల గొడవ లేదు. ‘ఓ హోలీ నైట్’ బాణీ 1847 నాటిది. ఎవరైనా పాడుకోవచ్చు, ఎవరికీ పైసా కట్టక్కర్లేదు.

ఆ ‘ఓ హోలీ నైట్’ ఈ ఆల్బమ్‌లోనూ ఉంది. ఒక్క వాయిద్యం కూడా లేకుండా అయిదు గొంతులే పాడతాయి. కింద లాన్స్ బాస్ మంద్ర స్వరం నేల పరిచినట్టు ఉంటుంది. దాని మీద జేసీ షాజే, జస్టిన్ టింబర్‌లేక్ గొంతులు పైకి లేస్తాయి. అందం చూసి తీసుకున్న కుర్రాళ్లని కొట్టిపారేసేవాళ్లు ముందు ఆ పాట వినాలి.

వీళ్లు 1995లో ఫ్లోరిడాలోని ఓర్లాండోలో జట్టు కట్టారు. పెట్టుబడి లూ పెర్ల్‌మన్‌ది. అంతకుముందు బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్‌ని తయారుచేసిందీ ఆయనే. ముందు జర్మనీలో పేరు తెచ్చుకున్నారు. 1998 మార్చిలో అమెరికాలో తొలి ఆల్బమ్ వచ్చింది. జులైలో డిస్నీ చానల్‌లో కచేరీ ప్రసారమయ్యాక దశ తిరిగింది. ఆ ఊపు చల్లారకముందే, తొలి ఆల్బమ్ వచ్చిన ఎనిమిది నెలలకే, క్రిస్మస్ ఆల్బమ్ కూడా మార్కెట్లో పెట్టేశారు. ఒక్క అమెరికాలోనే 20 లక్షల కాపీల గుర్తింపు దక్కింది.

జీతం సంగతి లాన్స్ తర్వాత చెప్పుకొచ్చాడు. రోజు ఖర్చులకు 35 డాలర్లు ఇచ్చేవారట. మూడేళ్ల చాకిరీ తర్వాత పెర్ల్‌మన్ కుటుంబాలతో సహా అందర్నీ విందుకు పిలిచి కవర్లు అందించాడు. లాన్స్ ఎంతో ఆశగా విప్పి చూస్తే, 10,000 డాలర్ల చెక్కు. హోటల్ గదికి వెళ్లి దాన్ని చింపేశాడు. పెట్టుబడి పెట్టినాయనే బృందంలో ఆరో సభ్యుడిగా వాటా తీసుకునేలా ఒప్పందం రాసుకున్నాడు మరి.

1999లో అయిదుగురూ బయటికొచ్చి జైవ్ రికార్డ్స్‌కి మారారు. పెర్ల్‌మన్, పాత రికార్డు కంపెనీ బీఎంజీ 15 కోట్ల డాలర్లకు దావా వేశాయి. ఏడాది చివర్లో రాజీ కుదిరింది. 2000 మార్చిలో వచ్చిన కొత్త ఆల్బమ్ మొదటి వారంలోనే 24 లక్షల కాపీలు అమ్ముడైంది. జనాన్ని 30 కోట్ల డాలర్లకు పైగా ముంచిన వేరే మోసం కేసులో పెర్ల్‌మన్‌కి 2008లో 25 ఏళ్ల శిక్ష పడింది. 2016లో జైల్లో ఉండగానే పోయాడు.

పెర్ల్‌మన్ పోయినా అన్యాయం అంతా పోలేదు. అమెరికా చట్టం ప్రకారం మామూలు రేడియోలో పాట వేస్తే రాసినవాళ్లకే డబ్బు, పాడినవాళ్లకు కాదు. ఈ పాట రాసిన నలుగురిలో జేసీ, జస్టిన్ ఉన్నారు. జస్టిన్ 2022లో తన పాటల హక్కులు అమ్మేసుకున్నాడు కూడా. బృందంలో మిగతా ముగ్గురు క్రిస్, జోయీ, లాన్స్ మాత్రం గొంతు ఇచ్చారు గానీ పాట రాయలేదు. వాళ్ల పాట ఈ డిసెంబరులో ఆ రేడియోల్లో ఎన్నిసార్లు మోగినా, ఆ ముగ్గురికీ వచ్చేది సున్నా.