నల్లరేగడి చెప్పే గ్యాసు పాఠం

గాలి చొరబడని డ్రమ్ములో మూసి, కాంక్రీటు పోసి పాతిపెట్టిన అణువ్యర్థంలో గ్యాసు ఎక్కణ్ణుంచి పుడుతుందని ధర్మాబాద్ పాఠకురాలొకరు అడిగారు.

తుప్పుకు గాలి కావాలని బడిలో చెబుతాం. అది సగం నిజమే. గాలి అయిపోయాక ఇనుము నీటిలోని ఆక్సిజన్‌ను లాక్కుని మాగ్నటైట్ అనే నల్లటి ఇనుప ఆక్సైడ్ అవుతుంది, హైడ్రోజన్ వదులుతుంది. కిలో ఇనుముకు దాదాపు 580 లీటర్లు! సిమెంటు క్షారగుణం వల్ల తుప్పు ఏడాదికి 0.1 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) చొప్పున నడిచిందనుకుంటే, 200 లీటర్ల డ్రమ్ము నుంచి వచ్చేది ఏడాదికి రెండు లీటర్లే. కానీ డ్రమ్ములు వేలల్లో ఉంటాయి, కాలం కూడా వేల ఏళ్లే. అల్యూమినియం కథ తలకిందులు: ఇనుమును కాచే క్షారమే దాన్ని వేగంగా తినేస్తుంది. అందుకే దాన్ని ముందే ఏరెయ్యాలి. నూలు చేతితొడుగులు, కాగితాలను సూక్ష్మజీవులు కుళ్లబెడితే మీథేన్, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. రెండోదాన్ని సిమెంటులోని సున్నం పీల్చుకుంటుంది, మీథేన్ మిగులుతుంది. ఫిన్లాండ్‌లోని ఓల్కిలువోటో అణుకేంద్రంలో అసలు వ్యర్థపు డ్రమ్ములనే నీటిలో ఉంచి దీన్ని కొలవడం 1997లో మొదలుపెట్టారు.

మరి ఆ గ్యాసు బయటికెలా పోతుంది? నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. వ్యర్థం చుట్టూ నింపే బెంటొనైట్ అనే మన్ను, మీ ధర్మాబాద్ వైపు దెగ్లూరు, బిలోలి చేలలోని నల్లరేగడి దగ్గరి చుట్టాలు. రెండింటిలోనూ నీటికి ఉబ్బే స్మెక్టైట్ బంకమన్ను ఉంటుంది. వానకు రేగడి ఉబ్బి నెర్రెలు పూడ్చుకోవడం అక్కడి రైతులకు కొత్త కాదు. తేడా ఒక్కటే: చేలో నెర్రె ఎండకు విచ్చుకుంటుంది, భూగర్భంలో మన్ను తడిగానే ఉంటుంది, గ్యాసు ఒత్తిడే దాన్ని విడదీస్తుంది. నెమ్మదిగా పుట్టిన గ్యాసు నీటిలో కరిగి జారుకుంటుంది. అంతకన్నా వేగంగా పుడితే బుడగై పేరుకుంటుంది. దాని ఒత్తిడి, నీటి ఒత్తిడికి మన్ను ఉబ్బుబలం కలిపినంత అయ్యాక వెంట్రుకంత సందులు తెరుచుకుంటాయి. గ్యాసు వాటిగుండా పోతూ రంధ్రాల్లోని నీటిని పెద్దగా కదపదు. అందుకే ఒత్తిడి తగ్గగానే తడి మన్ను మళ్లీ ఉబ్బి దారి మూసేస్తుంది.

కాంక్రీటుకు ఈ గుణం లేదు, పగిలితే పగిలినట్టే. పైగా లోపల చిక్కిన గ్యాసు కలుషిత నీటిని బయటికి నెట్టగలదు. మీథేన్ అయితే 5,730 ఏళ్ల అర్ధాయువు గల రేడియోధార్మిక కార్బన్-14ను కూడా మోసుకుపోగలదు. అందుకే స్వీడన్ ఫోర్స్‌మార్క్‌లో, బాల్టిక్ సముద్రం అడుగున 1988లో తెరిచిన అణువ్యర్థ నిల్వలోని కాంక్రీటు సిలోకు (నిలువు గాదెలాంటి కట్టడానికి), మూతలోనే గ్యాసు దారులు పెట్టాలని డిజైన్ చేశారు.